మొద్దు వైపుతో కొట్టిన దెబ్బ

మాంసం కొట్టే షెడ్డులో ఆమెను అందరూ కత్తక్క అనేవారు. పొట్టేలును పావుగంటలో కీలుకు కీలు విడదీసేది. మొగుడు లారీ డ్రైవరు. టీ చల్లారిపోయిందన్నాడని ఒక సాయంత్రం అతని మీదికి కత్తి విసిరింది. అది చెవికి జానెడు దూరంలో తలుపులో దిగబడింది. రెండు రోజులకు ముట్టు వచ్చింది. కోపం చేత్తో తీసేసినట్టు పోయింది. మొగుడి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అది మొదటిసారి కాదు. అంతకుముందు ఆడపడుచును చెంబుతో, అది సొట్టపోయేలా కొట్టింది. ఇంకోసారి, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేస్తున్న పనే బుర్రకెక్కక, ఏ కీలు తర్వాత ఏదో తోచక, తన చిటికెనవేలే సగం నరుక్కుంది.

నర్సుగా పనిచేసే చెల్లెలు క్యాలెండరు తెచ్చి గోడకు కొట్టింది.

"ముట్టొచ్చిన రోజు సున్నా చుట్టక్కా. ఎవరి మీదకైనా లేచిన రోజు అడ్డగీత పెట్టు."

"గీతలకు చోటు చాలదే!"

మూడు నెలల్లో గీతలన్నీ సున్నాకు ముందు వారంలోనే పడ్డాయి. డాక్టరమ్మ చూసి చెప్పింది: "నెలనెలా హార్మోన్లు అందరికీ పెరిగి తగ్గుతాయి. కొందరి మెదడు ఆ మార్పును తట్టుకోలేదు. ధ్యాస చెదురుతుంది, కోపం కట్టలు తెంచుకుంటుంది. ఇది పిచ్చీ కాదు, పొగరూ కాదమ్మా. జబ్బు. మందుంది."

మందు వాడుతూ, ఆ వారం కత్తి ముట్టకుండా కాటా దగ్గర కూర్చునేది. సంగతి షెడ్డంతా పాకింది. యజమాని రోజూ, "ఇవాళ తిథి ఎలా ఉందే?" అని నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం అతను పేగులు కడిగే పిల్లను జుట్టు పట్టి నెత్తుటి నేల మీద ఈడ్చాడు. డొక్కలో తన్నాడు. మళ్ళీ కాలెత్తేలోగా కత్తక్క చేతిలోని కత్తితో అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక పటుక్కుమంది.

"నెలసరి పిచ్చి సార్ దీనికి!" అని స్టేషన్లో అతను బొబ్బలు పెట్టాడు.

చెల్లెలు క్యాలెండరు తెచ్చి ఎస్సై బల్ల మీద పరిచింది. దెబ్బ పడిన రోజు సున్నా తర్వాత పదకొండోది.

"నా బుర్ర శుభ్రంగానే ఉంది సార్," అంది కత్తక్క. "అందుకే మొద్దు వైపుతో కొట్టాను."

మూడు రాత్రులు లాకప్‌లో ఉంచారు. పేగులు కడిగే పిల్ల, ఆమె వెనకాలే మిగతా ఆడవాళ్లూ వచ్చి సాక్ష్యం చెప్పాక యజమాని కేసు వెనక్కి తీసుకున్నాడు. ఆమెను మాత్రం పనిలోకి రానివ్వలేదు. ఇప్పుడు మార్కెట్లో వేరే కొట్టు దగ్గర మాంసం కొడుతోంది. మందుకు లొంగని నెలలు ఇంకా వస్తుంటాయి. ఆ నెలల్లో మొగుడు తనే ముందుగా దూరపు లోడు ఒప్పుకుంటాడు.