ఎడమకాలి మీదకి రాని బరువు

తొంభైల నాటి మాట. నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఇంజనీరు. రాజమండ్రిలో ఒక క్లబ్బులో ఆయనకి సభ్యత్వం ఉండేది. అక్కడ రెండు మట్టి కోర్టులు. సాయంత్రాలు ఆయన స్కూటరెక్కి నేనూ వెళ్ళి టెన్నిస్ ఆడేదాన్ని. పరుగు బాగుండేది, బంతి బాగానే తగిలేది. సర్వీసు దగ్గరే వచ్చేది చిక్కంతా. మొదటిది నెట్‌కి, రెండోది గీత అవతలకి. గెలవాల్సిన ఆటలన్నీ అలాగే పోయేవి.

కోర్టులకి నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నం గీతలు గీసి, సభ్యులకి జోడీ లేకపోతే తానే ఆడే మనిషి ఒకాయన ఉండేవారు. మార్కర్ అనేవారు అందరూ. నేను మాత్రం మాస్టారూ అనేదాన్ని. యాభై దాటిన మనిషి. గోదావరిలో చేపలు పట్టి బతికే ఇంట్లో పుట్టినాయన. ఒకరోజు నా సర్వీసు చూసి దగ్గరికొచ్చారు.

“అమ్మాయిగారూ, మీరు చేత్తో కొడుతున్నారండి.”

“మరి దేంతో కొట్టాలి మాస్టారూ?”

“కాళ్ళతోనండి.”

నవ్వాను. ఆయన నవ్వలేదు. “విసురువల చేత్తో విసిరితే ముద్దగా పడుద్దండి. బరువు వెనక్కాలి మీంచి ముందుకాలి మీదకి రావాలి. వచ్చాక అక్కడ నిలబడగలగాలి. లేదంటే వలతోపాటు మనమూ నీళ్ళలోకేనండి.”

ఆ తర్వాత రెండు వారాలు నా చేతికి బంతి ఇవ్వలేదు. ఉత్త రాకెట్ ఊపడం, ముందుకి వచ్చి ఎడమకాలి మీద దిగడం, కుడికాలు వెనక గాల్లో ఉంచి పది లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడటం. మొదట్లో మూడు అనేసరికే తూలిపోయేదాన్ని. పదిదాకా నిలబడ్డ రోజున బంతి చేతికిచ్చారు. కొట్టాను. నా చెయ్యి ఏమీ చేయనట్టే ఉంది. బంతి మాత్రం అవతలి మూలన పడి కంచెకి తగిలింది.

“అదీనండి,” అన్నారు మాస్టారు. నా జీవితంలో నేను బాగా చేసిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఆ వానాకాలం కాకినాడలో జిల్లా జట్టుకి ఎంపికలు పెట్టారు. ఇంకా నాలుగు రోజులున్నాయనగా జల్లు పడి వెలిసింది. నాన్నగారు లోపల పేకాటలో ఉన్నారు.

“ఇవాళ వద్దండి. గీత దగ్గర నేల మెత్తగా ఉంది,” అన్నారు మాస్టారు.

“పది సర్వీసులే మాస్టారూ, పదంటే పదే,” అని బతిమాలాను. ఆయన కాదనలేకపోయారు.

ఏడో సర్వీసుకి ఎడమకాలు దిగిన చోటే జారింది. ఒళ్ళంతా ముందుకెళ్ళింది, మోకాలు పక్కకెళ్ళింది. లోపల టక్కుమన్న చప్పుడు నాకే వినపడింది.

కాకినాడ డాక్టరు లోపల లిగమెంటు తెగిందన్నారు. “నడవడానికేం ఇబ్బంది ఉండదండి.”

“ఆడటానికో?” అన్నారు నాన్నగారు.

“అమ్మాయి ఏం చదువుతోందండీ?” అని అడిగారు డాక్టరు. అదే జవాబు.

నేను మంచం మీద ఉండగా నాన్నగారు క్లబ్బు కార్యదర్శికి ఫిర్యాదు చేశారు. తడి కోర్టు మీద పిల్లని ఆడించాడని. మాస్టారు వద్దన్నారని, నేనే పట్టుబట్టానని నాన్నగారికి తెలియదు. పక్క గదిలోంచి ఆయన ఫోనులో గట్టిగా మాట్లాడటం వింటూ గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఏడు నెలల తర్వాత కోర్టులో అడుగుపెట్టాను. బంతి పైకి వేశాను. బరువు సగందాకా వచ్చి వెనక్కి పోయింది. ఎన్నిసార్లు వేసినా అంతే. మోకాలు నొప్పి కూడా పెట్టడంలేదు. ఎడమకాలు ఆ బరువు పుచ్చుకోనంటోంది. మాస్టారు రోలరు పక్కన నిలబడి చూస్తున్నారు, రావడంలేదు. నేనే వెళ్ళాను.

“ఒళ్ళు భయపడిందండి. దానికి మాటలు వినపడవు,” అన్నారు.

“మీరు నేర్పితే వస్తుంది మాస్టారూ.”

“పిల్లలకి నేర్పొద్దన్నారండి నన్ను.” ఆ మాటలో నిష్ఠూరం లేదు. “అయినా ఇది నేర్పితే వచ్చేది కాదులెండి.”

“నేనే కదా ఆ రోజు...” అన్నాను.

“పోనీయండి అమ్మాయిగారూ. చీకటి పడుతోంది, నాన్నగారు చూస్తుంటారు.” రోలరు పట్టుకుని అవతలి కోర్టులోకి వెళ్ళిపోయారు.

ఇంటికెళ్తూ స్కూటరు మీద నాన్నగారికి చెప్పేద్దామనుకున్నాను. రెండుసార్లు నోరు తెరిచాను. “ఏంటమ్మా?” అన్నారాయన వెనక్కి తిరక్కుండానే. “ఏం లేదండి,” అన్నాను. ఆ వేసవిలోనే ఆయనకి బదిలీ అయింది. నేను మళ్ళీ రాకెట్ పట్టలేదు. ఇప్పుడు నాన్నగారు లేరు, మాస్టారూ లేరు. ఆ మాట వినాల్సిన వాళ్ళెవరూ మిగల్లేదు.