ఉమాశంకర్ నొక్కిన బటన్

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై రెండేళ్లుగా ఫిట్టరు ఉమాశంకర్. క్వార్టర్ల వరసలో మిక్సీ మూలిగినా, ఫ్యాను మొరాయించినా ముందు ఆయన చేతిలో పడాల్సిందే. బాగుచేసి ఊరుకుంటాడా? పాడుచేసినవాళ్లకు నాలుగు అక్షింతలు కూడా వేసి పంపేవాడు. అయినా ఆ వరసలో ఆయనంటే అందరికీ దేవుడంత గురి.

ఆ శనివారం పక్కింటి పోలమ్మ కూతురు మౌనిక ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. పిల్ల బీఎడ్ చదువుతోంది. సోమవారం కాలేజీలో ఇవ్వాల్సిన నలభై లెసన్ ప్లాన్లూ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా దాచుకోలేదు.

"మావయ్యా, అప్‌గ్రేడ్ పెట్టినాను. దీని బ్యాటరీ నిలబడదు. మజ్జిలో కరెంటు పోతే సెడిపోద్ది, మీ ఇంట్లో ఇన్వర్టరుంది కదా. ట్యూషన్ సెప్పేసి వస్తాను. ఏటైనా సరే, ఆపకండి" అని వెళ్లింది.

గంట గడిచింది. తెర నల్లబడింది. లోపల ఫ్యాను రొద పెడుతోంది, అడుగున చెయ్యి పెడితే చుర్రుమంటోంది. వర్క్‌షాపులో మోటారు బిగుసుకుపోయి వేడెక్కితే ఒకటే చట్టం: ముందు మెయిన్ కొట్టెయ్యి, తర్వాత ఆలోచించు. అలా కొట్టే ఒకసారి తోటివాడి వేళ్లు కాపాడాడు కూడా. అలవాటుపడ్డ చెయ్యి ఆగుతుందా? బటన్ అదిమి పట్టుకుంది. రొద ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు మహానుభావుడు!

మౌనిక వచ్చి ఎన్నిసార్లు ఆన్ చేసినా నీలం తెర రావడం, ఆరిపోవడం, మళ్లీ మొదటికి.

"ఏటైంది మావయ్యా?"

"దానంతటదే ఆరిపోయిందమ్మా" అనేశాడు. ఎందుకలా అన్నాడో ఆయనకే తెలియదు. అనేశాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

సాయంత్రం పంపు దగ్గర పోలమ్మ నలుగురిలో కూతుర్ని కడిగేసింది. "ఉన్నది బాగానే ఉంటే కొత్తదెందుకెక్కించినావే గుంటా? ఏటి నొక్కేసినావో ఏటో!" మౌనిక కళ్లనీళ్లు కుక్కుకుంటూ నిలబడింది. పక్కనే బకెట్ పట్టుకుని ఉమాశంకర్. సగం నిండిన బకెట్‌తోనే ఇంటిదారి పట్టాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

మర్నాడు ఇందా బజారులో తీతు అనే బెంగాలీ కుర్రాడి రిపేరు దుకాణానికి పిల్లని తనే తీసుకెళ్లాడు. తీతు పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్‌ని లేపాడు. మొదటి రిపేరు కుదరలేదు. సగంలో ఆగిన కొత్త సిస్టమ్‌ని తీసేసి పాతదానికి వెనక్కి మళ్లించాడు. ముప్పావుగంట మౌనిక గోళ్లు కొరుక్కుంటూనే ఉంది. చివరికి తెర వెలిగింది. నలభై ఫైళ్లూ ఉన్నాయి.

"అప్‌గ్రేడ్ మధ్యలో బటన్ నొక్కి ఆపిందెవరు దీదీ?" అని హిందీలో అడిగాడు తీతు.

"నేనే దాదా" అంది మౌనిక.

ఉమాశంకర్ గబగబా డబ్బులిచ్చేశాడు. బయటికొచ్చాక మెల్లగా అడిగాడు. "నీకు తెలుసా అమ్మా?"

"ఏది పాడైనా విప్పి సూడందే ఊరుకోరు మీరు. నిన్న దీని దగ్గరికే రాలేదు. అప్పుడే తెలిసింది. మీరే సెప్తారని సూసినాను మావయ్యా." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది, పాపం ఆయనకి.

క్వార్టర్లకి రాగానే మౌనికని వెంటబెట్టుకుని తిన్నగా పంపు దగ్గరికి నడిచాడు. నలుగురూ అక్కడే ఉన్నారు.

"పోలమ్మా, పిల్ల తప్పేటీ లేదు. నేనే బటన్ నొక్కి ఆపేసినాను. అబద్ధమాడినాను."

పోలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి నవ్వేసింది. "ఊరుకో అన్నయ్యా! నువ్వు అబద్ధమాడతావా? దీన్ని ఎనకేసుకొస్తన్నావు." అంటూనే కూతురి మీదికి తిరిగింది. "సిగ్గు లేదేటే? నీ తప్పు పెద్దాయన నెత్తినేసుకుంటంటే సూస్తా నిలబడ్డావా?"

ఆడవాళ్లంతా ఔనౌనన్నారు. "నిజం పోలమ్మా, నా మాట ఇను" అని ఉమాశంకర్ ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. మౌనిక ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ఆయన వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.