డాబా మీద పండిన పన

మా మేనత్త రూతమ్మ తెనాలిలో టీచరుగా చేసి రిటైరైంది. ఈ ఏడు డాబా మీద పెయింటు బకెట్లలో వరి వేసింది. వీధంతా నవ్వింది, నేనూ నవ్వాను. కోత పండుగ నాడు, కోసిన వరిని కంకులతో సహా కట్టగా కట్టిన చిన్న పన పట్టుకుని "పదరా, పాలెం పోదాం" అన్నప్పుడు గానీ సంగతి అర్థం కాలేదు.

రేపల్లె అవతల నగరం అనే ఊరి దగ్గర మా పాత పాలెంలో చర్చి గంటగోపురం ఉంది. దాని ఇటుకలు మా వాళ్లే మట్టి తొక్కి కాల్చుకున్నవి. ఒకప్పుడు ఆ గంట కొడితే జనం నాట్లకు కదిలేవారు, మళ్లీ కొడితే గట్టెక్కి అన్నాలు తినేవారు. కోత పండుగకు మాత్రం ఒక కట్టుబాటు. మన నేల మీద, సొంత చేత్తో పండించిన పన తాడుకు కట్టాకే గంట మోగాలి. పిల్లలు చదువుకుని టీచర్లు, గుమాస్తాలయ్యారు. చేలు రొయ్యల చెరువులయ్యాయి. పన తెచ్చేవాళ్లు లేక కొన్నేళ్లుగా పండక్కి సెల్‌ఫోన్లో గంట వినిపిస్తున్నారు. ఈసారి అసలు గంటే మోగాలని అత్త పంతం.

పొద్దున ఏడింటికి స్టేషన్ దగ్గర ఇడ్లీ తిని రేపల్లె రైలెక్కాం. పాత చీరలో చుట్టిన పన అత్త ఒళ్లో ఉంది. వేమూరులో ఎక్కినావిడ బయటికి కనిపిస్తున్న మొదళ్లు చూసి, "చీపురెక్కడ కొన్నారక్కా? గట్టిగా ఉన్నట్టుందే!" అంది.

అత్త ముఖం చూడాలి! చీర విప్పి చూపించింది. ఆవిడ కంకులు నిమిరి, "అయ్యో, వరి పనా! తాలు లేదండి, మంచి గింజ" అని నాలుక కరుచుకుంది.

రేపల్లెలో టీ తాగి నగరం బస్సు, అక్కణ్ణించి ఆటో. మీరు వెళ్తే దారి అడగక్కర్లేదు. చెరువుల మధ్య ఎర్రగా నిలబడి కనిపించేది ఆ గోపురమొక్కటే.

సంఘపెద్ద దానియేలు తాత పనను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎక్కడ పండిందమ్మా?"

"మా డాబా మీద బాబాయ్."

అందరూ గొల్లుమన్నారు. తాత నవ్వలేదు. "డాబా మన నేల కాదు కదమ్మా."

"మట్టి మనదేగా! నిరుడు పండక్కొచ్చి ఈ గోపురం పక్కనే నాలుగు సంచులు తవ్వుకెళ్లాను."

ఆ సంచులు మోసింది నేనే. గులాబీ మొక్కలకనుకుని దారంతా సణిగాను. తాత బకెట్ మట్టి అంటిన మొదళ్లను వాసన చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకేంటర్రా చూస్తారు? కట్టండి!"

గంట మోగింది. ఇస్త్రీ చొక్కాల గుమాస్తాలు తాడు కోసం తోసుకున్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కోడికూర భోజనాలయ్యాక బాపట్ల నుంచి వచ్చిన ఒకావిడ, "మాకూ డాబా ఉంది రూతమ్మక్కా, గుప్పెడు గింజలివ్వవా?" అంది. అంతే, తాడు నుంచి విప్పిన పన మీదే చేతులన్నీ. గోపురం పక్కన సంచుల్లోకి మట్టి తవ్వేవాళ్లు తవ్వుతూనే ఉన్నారు.

సాయంత్రం రైల్లో నా చెవుల్లో ఇంకా గంటే. చేలు పోయిన ఊరు ఇంత సంబరంగా ఉండగలదని నేననుకోలేదు. అత్త ఒళ్లో గింజలు రాలిన గడ్డి మాత్రం మిగిలింది. ఎదుటి సీటాయన కుతూహలంగా వంగాడు.

"చీపురా అండి?"

"ఆఁ, ఇప్పుడు చీపురేనండి!" అంది అత్త, పకపకా నవ్వుతూ.