చెరుకు చీటీ, లెక్కల పరీక్ష

జూన్‌లో బడి తెరిచిన రోజున హెడ్మాస్టరు గారు ఆ ఏటి క్యాలెండరును గోడకు అంటించారు. పరీక్షలు ఎప్పుడో, సెలవులు ఎప్పుడో అన్నీ అందులో ఉన్నాయి. నేను దాన్ని నా డైరీలోకి ఎక్కించుకున్నాను. ఉద్యోగంలో అది నాకు మొదటి సంవత్సరం. సోమవారం పొద్దున నిజామాబాద్ నుంచి బోధన్ దగ్గరి ఆ ఊరికి వచ్చి, శనివారం సాయంత్రం నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మా ఇంటికి వెళ్లేదాన్ని.

ఊరు మాత్రం ఇంకో లెక్కలో నడిచేది. చలికాలంలో చక్కెర ఫ్యాక్టరీ కూత మొదలైతే పరీక్షల రోజుల దాకా బడిలో సగం చాపలు ఖాళీగా ఉండేవి. పెద్దలు చెరుకు కొడుతుంటే పిల్లలు ఆకు మెలిపెట్టి మోపులు కట్టేవారు. ఎవరి చెరుకు ఎప్పుడు కొట్టాలో ఫ్యాక్టరీ పంపే చీటీ చెప్పేది. చీటీ వచ్చిన రెండు రోజుల్లో బండ్లు కదలాలి. మే నెలలో పిల్లలకు ఏ పనీ ఉండదు. అప్పుడు మేము బడికి తాళం వేసి వెళ్లిపోయేవాళ్లం.

ఏడో తరగతిలో ఒక్కతే ఆడపిల్ల. లెక్కలంటే ప్రాణం. వాళ్ల నాన్న నాకు ముందే చెప్పాడు: "పెద్ద పరీక్ష పాసైతే బోధన్‌ల ఎనిమిదికి పంపుత టీచరమ్మా. తప్పితే ఇగ ఇంట్లనే."

చెరుకు ఊళ్లకు పరీక్షలు మే నెలకు జరపమని ఒక అర్జీ రాశాను. మూడుసార్లు తిరగరాశాను. బడుల ఇన్‌స్పెక్టరు గారు వచ్చినప్పుడు అది డైరీ మధ్యలోనే ఉంది. "ఏమమ్మా, ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని ఆయనే అడిగారు. "ఏమీ లేవండీ" అన్నాను.

ఏడో తరగతి పెద్ద పరీక్షలకు సెంటరు బోధన్. ఆ పిల్ల అక్కడ రెండు పరీక్షలు రాసింది. సోమవారం లెక్కలు. శనివారం సాయంత్రం వాళ్లింటికి చీటీ వచ్చింది. నేను ఇంటికి వెళ్లకుండా ఆగిపోయి, వాళ్ల గడప దగ్గరికి వెళ్లాను.

"సోమవారం నాతో బస్సులో పంపండి" అన్నాను.

"మీ బస్సు ఆరింటికే పోతది. మోపులయ్యేసరికి ఏడు గొడ్తది" అన్నాడు వాళ్ల నాన్న. "మీ పరీక్షనే జర ఎనుకకు జరపరాదు?"

పిల్ల లోపలి నుంచి అంది: "ఫ్యాక్టరోళ్లను పరీక్ష జరపమను బాపు, టీచర్‌ను చెరుకు జరపమను. ఎవలన్న ఒక్కలు ఇనకపోతరా?"

ఆయన నవ్వాడు. "మొదటి బండి బోధన్‌కే గదా పోయేది. దాంట్లనే ఎక్కిస్త. పదింటి పరీక్షకు తొమ్మిదింటికే ఉంటది."

సరేనన్నాను. ఫ్యాక్టరీ ముందు బండ్లు ఎంత దూరం నిలుస్తాయో వారం వారం బస్సులోంచి చూసినదాన్నే, అయినా ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

సోమవారం ఆ పిల్ల పరీక్ష రాయాల్సిన హాల్లోనే నాకు డ్యూటీ పడింది. ఆమె చోటు ఖాళీగా ఉంది. అరగంట దాటితే ఎవరినీ రానివ్వరు. పదింబావుకు, పదిన్నరకు గుమ్మం వైపు చూశాను. పావు తక్కువ పదకొండుకు వచ్చింది. బండ్ల వరుస కదలకపోతే దిగి పరుగెత్తిందట. జడలో చెరుకు ఆకు ముక్కలు, వేళ్ల మీద కోతలు.

"సార్, మా పిల్ల" అన్నాను సెంటరు పెద్ద సారుతో.

"తెలుసమ్మా. నా చేతుల్లో ఏముంది?" అన్నారాయన.

ఆ పిల్ల ఏడవలేదు. వరండాలో కూర్చుంది. గంట కొట్టాక ప్రశ్నపత్రం అడిగి తీసుకుంది.

మే నెలలో నా పెట్టె తెచ్చుకోవడానికి ఆ ఊరు వెళ్లాను. బడికి తాళం. ఆ పిల్ల బడి మెట్ల మీద కూర్చుని ఉంది. ఆ ప్రశ్నపత్రంలోని లెక్కలన్నీ చేసి కాగితం చేతికిచ్చింది. "మార్కులెయ్యుండ్రి టీచర్" అంది. ఒక్కటే తప్పు. ఎర్ర సిరాతో మార్కులు వేశాను.

సాయంత్రం వాళ్ల నాన్న ఆ కాగితం పట్టుకుని బస్సు దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మా, గిది బోధన్ బడిల చెల్లుతదా?"

"చెల్లదు" అన్నాను.

"గట్లనా" అని దాన్ని నాలుగు మడతలు వేసి, చీటీలు పెట్టుకునే అంగీ జేబులో దాచుకున్నాడు.