అన్నాల వరసలో నేల మీద కూర్చున్న పిల్ల

పాడేరు దగ్గర ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను లెక్కల టీచర్ని. ఈ రోజు మధ్యాహ్నం భోజనాల హాల్లో అన్నాల వరసలో తొమ్మిదో తరగతి పిల్లలు దేవి, కుమారి కొట్టుకోబోయారు. తన స్వెటర్ దొంగిలించావని దేవి అందరి ముందూ అనేసరికి, కుమారి స్టీలు పళ్లెం పైకెత్తింది. మిగతా పిల్లలు రెండు జట్లుగా చీలి అరవసాగారు. నేను కేకలేశాను గానీ ఎవరికీ వినిపించలేదు.

అప్పుడు క్లాస్ లీడర్ సుమలత వాళ్లిద్దరి మధ్యకు వచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కుమారి ఎత్తిన పళ్లెం సరిగ్గా సుమలత తలకు పైనే ఉంది. సుమలత పక్కనున్న పిల్లను చేయి పట్టి కూర్చోబెట్టింది. ఆ పిల్ల ఇంకొకర్ని కూర్చోబెట్టింది. కాసేపటికి అరుపులు ఆగి హాలంతా కూర్చుంది, ఆ ఇద్దరు తప్ప. కుమారి చుట్టూ చూసి, పళ్లెం దించి, కూలబడి ఏడ్చేసింది. స్వెటర్ తర్వాత హాస్టల్ వెనక దండెం మీద దొరికింది. దేవే వెళ్లి కుమారి పక్కన కూర్చుని అన్నం తింది.

"ఇది నీకెవరు నేర్పారమ్మా?" అని సుమలతను అడిగాను.

"ఎవులూ నేర్పనేదు మేడమ్. మా ఊర్లో తగువొత్తే ముందల అందరూ కూకోవాల. నిలబడినోల మాట ఎవులూ ఇనరు," అంది చేయి కడుక్కుంటూ.

సాయంత్రమైనా ఆ హాలు నిశ్శబ్దమే నా చెవుల్లో ఉంది. రేపు మా స్టాఫ్ మీటింగు. అక్కడా ఎప్పుడూ అరుపులే. కుర్చీలన్నీ బయట పెట్టించేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?