గళ్ళు చూసే మనిషి

సిద్దిపేటలో పెళ్ళి వీడియోలు తీసే షౌకత్ లోకంలో దేన్నైనా నమ్ముతాడు గానీ టేపును మాత్రం నమ్మడు. పాలలో నీళ్ళు కలపలేదంటే నమ్ముతాడు. బస్సు ఇప్పుడే వస్తుందంటే నమ్ముతాడు. ఓట్లకు నిలబడ్డవాళ్ళు చెప్పేది కూడా ఓట్లు అయ్యేదాకా నమ్ముతాడు. టేపు దగ్గరికి వచ్చేసరికి కొత్తకోడలి వంటను అత్త చూసినట్టు చూస్తాడు.

భుజం మీద మోసే పాత కెమెరా ఉన్నప్పుడు ఈ జబ్బు కొంత తక్కువగా ఉండేది. అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా కొన్నాక ముదిరింది. అదేమిటి భాయ్, ఇది ఇంకా మంచిదంటారు కదా అని ఎవరైనా అడిగారా, వాళ్ళ పని అయిపోయినట్టే.

"మంచిదే. బాగున్నంతసేపు అద్దం లెక్కుంటది. గని పాత టేపు చెడ్తె చెప్పి చెడ్తుండె. ముందు గీతలు, తర్వాత మసక, మనకింత టైమిస్తుండె. ఇది అట్ల కాదు. ఒక్కపారే గళ్ళు గళ్ళయితది. పెండ్లిపిల్ల ముక్కు ఒక గడిల, చెవి ఇంకో గడిల. ఏరుకోవాలె."

ఆ గళ్ళ భయంతోనే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ పెళ్ళికి పోయినా కెమెరా నుంచి పొడుగాటి వైరు లాగి, లోపలి గదిలో ఉన్న టీవీకి తగిలిస్తాడు. దాని ముందు ఒక మనిషిని కూర్చోబెడతాడు. ఆ మనిషి పని గళ్ళు కనబడితే కేకెయ్యడం. దౌల్తాబాద్ పెళ్ళిలో పిల్ల అమ్మమ్మను, కళ్ళలో పువ్వులున్న బాలవ్వను, కూర్చోబెట్టాడట. గోడే కనపడని ముసలిదానికి గళ్ళేం కనపడతాయని పందిరంతా నవ్వితే, "చూపు తక్కువోళ్ళకు ఓపిక ఎక్కువుంటది" అన్నాడట.

ఇలాంటి మనిషిని చెల్లెలు సుశీల పెళ్ళికి మాట్లాడుకున్నాడు దామోదర్. అతనికి ఊరికే ముచ్చట కోసం కాదు వీడియో. తండ్రి పోయి ఏడాదైంది. భర్త పోయిన ఆడది పందిట్లో కాలు పెట్టకూడదని వాళ్ళ ఇంట్లో పట్టింపు. కన్యాదానం చిన్నాయన, చిన్నమ్మ చేస్తారు. సుశీలను కని పెంచిన తల్లి నర్సమ్మ మాత్రం లోపలి గదిలో, వడ్ల అర్రలో కూర్చోవాలి. "అవ్వా, రేపు పొద్దుగాలనే టేపేసి మొత్తం చూపిస్త" అని దామోదర్ మాటిచ్చాడు. "చూస్త తియ్యి బిడ్డా" అని ఆమె మొహం అటు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం చూసిన దగ్గర్నుంచి దామోదర్‌కు సరిగ్గా నిద్రలేదు. ఆ టేపు చెడితే తల్లికి కూతురి పెళ్ళి లేనట్టే.

అందుకని తనే పోయి నాలుగు క్యాసెట్లు కొనుక్కొచ్చాడు. షౌకత్ వాటిని చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"ఇది వేరే కంపెనీ, తమ్మి."

"కంపెనీ ఏదైతేంది భాయ్, టేపు టేపే కద."

"ఒక్కో కంపెనీ ఒక్కో తీరు పూత పూస్తది. రెండు కలిస్తె లోపల జిడ్డు పట్టి మొత్తం గళ్ళే. మా కెమెరాకు ఒక్కటే సంబంధం. రెండోది చెయ్య."

"పోనీ, గంట టేపుల గంటన్నర పట్టిస్తరట కద. అట్లన్న పట్టియ్యి. నడుమ మార్చే బాధ తప్పుతది."

"పోస్టుకార్డు మీద రామాయణం రాస్తె ఎవడు చదువుతడు? నా మిషన్ల చదివినా ఇంకో మిషన్ల చదవదు. గంటంటె గంటే."

పెళ్ళినాడు పొద్దున షౌకత్ తన వైరుతో దిగాడు. "ఊకె తిరిగే మనిషి వద్దు. ఒక్క దిక్కు కూసునే మనిషి గావాలె" అన్నాడు. వంటవాళ్ళతో కొట్లాటలో ఉన్న దామోదర్, "నీ ఇష్టం భాయ్, ఎవరినన్న కూసోవెట్టుకో" అని తప్పించుకున్నాడు. అప్పటినుంచి ఎటు పోయినా ఆ వైరు కాళ్ళకు తగులుతూనే ఉంది. నీళ్ళ బిందెతో ఒకసారి, పూల బుట్టతో ఒకసారి పడబోయాడు.

మగపెళ్ళివారు కోహెడ నుంచి దిగారు. ఎదుర్కోళ్ళలో రెండు పక్షాలవాళ్ళు ఒకరి మీద ఒకరు బుక్కా గులాలు, ఆ వాసనపొడీ రంగుపొడీ, చల్లుకున్నారు. పెళ్ళికొడుకు మేనమామ కాశయ్య సరసుడు. షౌకత్ క్యాసెట్టు మార్చుదామని కెమెరా మూత తెరిచాడో లేదో, "ఫోటువాయినకు చల్లలేదేందిరా" అంటూ ఇంత గుప్పెడు బుక్కా అతని మీద కొట్టాడు. అది తిన్నగా తెరిచిన మూతలోకి పోయింది.

షౌకత్ ఒక మూల గొంతుక్కూర్చుని కుంచెతో ఊడ్చాడు, ఊదాడు, గుడ్డతో అద్దాడు. కొత్త క్యాసెట్టు పెట్టాడు. కెమెరా గుర్రుమని దాన్ని బయటికి ఉమ్మేసింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఉమ్మింది. అవతల అయ్యగారు ముహూర్తం దగ్గరపడిందని పిలుస్తున్నాడు. దామోదర్ కాశయ్య దగ్గరికి ఉరికాడు.

"మామా, జరంత సేపు ఆగుదాం. కెమెరా సతాయిస్తుంది" అని కాశయ్యను బతిమాలుకున్నాడు.

"లగ్గం గడియ నీ డబ్బ కోసం ఆగుతదా? మా పెండ్లిళ్ళు ఏ డబ్బల్ల పట్టిండ్రు? పిల్లలు పుట్టలేదా?" అన్నాడు కాశయ్య. బుక్కా కొట్టింది తనేనన్న సంగతి అప్పటికే మరిచిపోయాడు.

బాజాలు మోగాయి. జీలకర్ర బెల్లం పెట్టారు. దామోదర్ తల తిప్పి చూస్తే షౌకత్ కెమెరా ఎత్తి పట్టుకుని, కన్ను ఆనించి, మహా శ్రద్ధగా తీస్తున్నాడు. ప్రాణం లేచి వచ్చింది. అంతలో అతని చొక్కా జేబులో క్యాసెట్టు కనిపించింది. లేచి వచ్చిన ప్రాణం మళ్ళీ కూర్చుంది.

పక్కకు పోయి గొణిగాడు. "భాయ్, టేపు నీ జేబుల ఉన్నది."

"ఎర్కె."

"మరి ఏం తీస్తున్నవ్?"

"జర పక్కకు జరుగు తమ్మి. అడ్డమొస్తున్నవ్."

పుస్తె కట్టారు. అక్షింతలు పడ్డాయి. ఏదీ ఎక్కడా ఎక్కలేదు. దామోదర్‌కు ఆ మనిషి మెడ పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పందిట్లో రెండూ కుదరవు. ముందు అవ్వకు చెప్పాలి. ఏ మొహంతో చెప్పాలో తెలియకుండానే ఇంట్లోకి నడిచాడు. వైరు కూడా అతనితో పాటే గోడవారగా వడ్ల అర్రలోకి పోయింది.

లోపల బస్తాల మీద టీవీ ఉంది. దాని ముందు చాప మీద నర్సమ్మ పరీక్ష రాసే పిల్లలాగా నిటారుగా కూర్చుని ఉంది. టీవీ నెత్తిన, చాప మీద, అంతటా పసుపు బియ్యం. తెరలో సుశీల తలవంచుకుని తలంబ్రాలు పోస్తోంది.

"అవ్వా, నువ్వా కూసున్నది?"

"మాట్లాడకు బిడ్డా. పని మీదున్న. షౌకత్ గళ్ళు చూడుమన్నడు. లేస్తె ఊకోనన్నడు." తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "జీలకర్ర బెల్లం పెట్టంగ పిల్లగాడు ఎంత మెల్లగ చెయ్యి ఆనిచ్చిండో చూసినవా? మంచోడే ఉంటడు."

దామోదర్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. కెమెరాలో టేపు లేదు. తెర మీద చెల్లెలు ఉంది. వంగి కాలి దగ్గరి వైరును చూశాడు, అది వచ్చిన దారి చూశాడు.

అప్పగింతల ముందు కెమెరా అలక తీరి క్యాసెట్టు మింగింది. షౌకత్ నీళ్ళు తాగుతుంటే దామోదర్ పట్టుకున్నాడు.

"భాయ్, టేపు లేకున్నా టీవీల బొమ్మొచ్చింది."

"వస్తది."

"అంటె కెమెరా ముందర ఏమున్నదో గదే చూపెడ్తది ఆ వైరు. టేపుల ఏం పడ్డదో చూపియ్యది. గళ్ళు వడ్డా అండ్ల కనవడయి."

షౌకత్ అటూ ఇటూ చూశాడు. "మెల్లగ, తమ్మి. వచ్చే వారం అక్కన్నపేట్ల లగ్గమున్నది. పిల్ల తల్లి కొండవ్వకు గూడ పెనిమిటి లేడు. ఆమెకు గిట్ల ఎర్కైతె కూసోదు."

"ఎందుకు కూసోదు?"

"పెండ్లి చూడక్కా అంటె, నేను చూడొద్దయ్యా అంటరు. పని జెప్తె కాదనరు. పనికి ఏ పట్టింపు లేదు గద." గ్లాసు కింద పెట్టాడు. "పుస్తె టేపుల పడని ముచ్చట మాత్రం నా తప్పే. టేపును నమ్మొద్దని నేను చెప్తనే ఉన్న."

దామోదర్‌కు కొట్టాలని లేదు. దండం పెట్టాలంటే సిగ్గుగా ఉంది. ఏం చెయ్యాలో తోచక ఆ మనిషి చొక్కా మీది బుక్కా దులపడం మొదలుపెట్టాడు.

అంతలో వడ్ల అర్ర గుమ్మంలోంచి నర్సమ్మ పిలిచింది. "షౌకత్, గళ్ళయితె రాలే. గని పుస్తె కట్టేటప్పుడు బొమ్మంత అలుక్కపోయినట్టయింది అయ్యా. కేకేసుడు మరిచిన. నీ పని చెడగొట్టిన్నా ఏందో."

షౌకత్ నవ్వలేదు. చాలా పెద్ద సంగతి విన్నట్టు తల ఊపాడు.

"నీ తప్పేం లేదక్కా. గప్పుడు అద్దం మీద తడి వట్టింది" అని, తళతళలాడుతున్న లెన్సును రుమాలుతో తుడవసాగాడు.