తెరుచుకోని మెయిల్ ఫైలు

నిన్న మధ్యాహ్నం ఆవడి నుంచి చెల్లెలు ఫోన్ చేసి, పాత కంప్యూటర్‌లో దాచుకున్న ఆఫీసు మెయిళ్ళ ఫైలు తెరవబోతే ఎర్రర్ వస్తోందని దిగాలుగా చెప్పింది. ముందు దానికొక కాపీ తీసుకో, రిపేరేదైనా ఆ కాపీ మీదే చెయ్యి అని చెప్పి ఫోన్ పెట్టేశానో లేదో, తిరువళ్ళూరు ఫ్యాక్టరీ ఆఫీసులో కిటికీ పక్కనున్న బల్ల కళ్ళముందు తేలివచ్చింది.

మీకూ గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మా బోటి ఆఫీసుల్లో మెయిళ్ళు ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళకే ఒక పెద్ద ఫైలుగా పేరుకునేవి, రెండు జీబీలకు చేరిందంటే ఆ ఫైలు తెరుచుకోకుండా మొండికేసేది. ఆ బల్ల దగ్గర కూర్చునే ఆవిడను నేను అక్కా అనేదాన్ని. ఇద్దరిదీ తిరుత్తణే, రోజూ ఒకే రైలు, అరక్కోణం దాటేదాకా ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయేది.

ఒకసారి కస్టమర్ ఒక భాగం కొలత మార్చమన్న సంగతి, సరుకు తయారుచేసే షాపుకు చేరక, సరుకంతా పాత కొలతతో తయారై పనికిరాకుండా పోయింది. తాను మెయిలు పంపానని అక్క, తనకు రాలేదని షాపు సూపర్‌వైజరు. ఆయనే చూసుకోలేదని అక్క ఆఫీసంతా చెప్పడంతో ఆయన ఉద్యోగానికే ముప్పు వచ్చింది. సాయంత్రంలోగా ఆ మెయిలు చూపించమన్నారు మేనేజరు. తీరా చూస్తే అక్క ఫైలు తెరుచుకోలేదు.

కంప్యూటర్ సంగతి కాస్తో కూస్తో తెలిసిన నేను కాపీ తీసి, సైజు తగ్గేలా ఆ కాపీ చివర కొంత కత్తిరించి, రిపేరుకు పెట్టాను. కత్తిరించిన ముక్కలో ఏ మెయిళ్ళు పోతాయో తెలియదు. రిపేరు ఎంతదాకా వచ్చిందో చూపే ఆకుపచ్చ గీత తెర మీద చీమలా కదులుతుంటే, ఇద్దరం ఒకే డబ్బాలోని పెరుగన్నం తింటూ, కిటికీలోంచి వచ్చే ఎండ బల్ల మీంచి మా ఒళ్ళోకి జారడం చూస్తూ, ఏ లోకంలోనో ఉన్నట్టు కూర్చున్నాం.

చివరికి ఫైలు తెరుచుకుంది. పంపినవాటిలో ఆ మెయిలు లేదు. డ్రాఫ్టుల్లో ఉంది, అక్క పేరుతో సహా పూర్తిగా రాసి ఉంది.

“ఆ పొద్దు పాపకు జ్వరమని ఫోనొస్తే లేసి పరిగెత్తినాను మే,” అంది అక్క, రంగు వెలిసిన గొంతుతో. “అంపినాననే అనుకుంటా ఉండాను.”

ఫైలు తెరుచుకోలేదని చెప్పేస్తానన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“వద్దు మే. ఆయన్న మీద ఎన్ని మాటలన్నాను!”

మేనేజరు గదికన్నా ముందు ఆమె షాపులోకి వెళ్ళింది. అందరి ఎదుటా, పాప జ్వరం సంగతీ, పంపకుండా ఉండిపోయిన మెయిలు సంగతీ చెప్పి, “తప్పు నాదేన్నా,” అంది. ఆయన తల దించుకుని, “పాపకు ఇప్పుడెట్లుందమ్మా?” అని మాత్రం అడిగాడు. అక్కకు మెమో ఇచ్చి స్టోర్సుకు మార్చారు, ఆమె పదవీ విరమణ దాకా అక్కడే పనిచేసింది.

ఇప్పుడు మెయిళ్ళు ఎక్కడో కనపడని చోట భద్రంగా ఉంటాయి, వెతికితే క్షణంలో దొరుకుతాయి, అది మంచిదే. కానీ ఒక మనిషి తన తప్పును తానే తెరిచి చూసుకుంటుంటే పక్కన ఊపిరి బిగబట్టి కూర్చునే అవసరం ఎవరికీ రావడం లేదు. ఆనాటి ఆ మధ్యాహ్నమంత నిదానంగా ఎవరి పక్కనైనా కూర్చుని ఎన్నేళ్ళయిందో!